చామంతి మొగ్గ వేయకపోతే, వాడిపోతే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

చామంతి బహువార్షిక మొక్క. సరిగ్గా చూసుకుంటే ఏటా పిలకలు వేసి మళ్ళీ పూస్తుంది. అయితే దీని సమస్యలకు కారణం కనిపించిన రోజున కాక చాలాసార్లు రెండు మూడు నెలల ముందే ఏర్పడి ఉంటుంది కనుక, మందు కొట్టే ముందు వెనక్కి వెళ్ళి వెతకడం అవసరం.

మొక్క ఏపుగా ఉంది, డిసెంబరు వచ్చినా మొగ్గ లేదు

చీకటి పడ్డాక కుండీ దగ్గర నిలబడి, దానిపై ఏ వెలుగైనా పడుతోందేమో చూడండి. పగటి నిడివి తగ్గి రాత్రి నిడివి పెరిగినప్పుడే చామంతి మొగ్గ కడుతుంది, ఆ చీకటి కూడా మధ్యలో తెగకుండా ఉండాలి. వీధి దీపమో, రాత్రంతా వెలిగే బాల్కనీ బల్బో మీద పడితే మొక్క ఆకులు వేస్తూనే ఉంటుంది. ఒకే మొక్కలో దీపం వైపు కొమ్మలు పచ్చగా మిగిలి, గోడ నీడలో ఉన్న కొమ్మలకు మాత్రం మొగ్గలు రావడం కనిపిస్తే ఇక సందేహించనక్కరలేదు. పూలసాగు చేసేవారు కావాలనే రాత్రివేళ తోటలో బల్బులు వెలిగించి పూతను వాయిదా వేయడం కూడా ఈ గుణం ఆధారంగానే. కుండీని చీకటి మూలకు మార్చండి. మార్చలేకపోతే సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఏడు వరకు మందపాటి నల్లగుడ్డ కప్పి, మొగ్గల్లో రంగు కనిపించేవరకు రోజూ అలాగే చేయండి. పగటిపూట మాత్రం ఎండ తగలాలి.

దీపం లేకపోయినా మొగ్గ రాకుంటే యూరియా ఎక్కువైందేమో ఆలోచించండి. ఆకులు ముదురాకుపచ్చగా, పెద్దవిగా ఉంటే దాదాపు అదే కారణం. యూరియా వంటి నత్రజని ఎరువులు ఆపి, పొటాష్ ఉన్న ఎరువు కొద్దిగా ఇవ్వాలి.

నర్సరీలో గుత్తిగా ఉన్న మొక్క మరుసటి ఏడు పొడవుగా పెరిగి వాలిపోయింది

ఇది తెగులు కాదు. కడియం వంటి చోట్ల నుంచి వచ్చే కుండీ మొక్కలను తలలు తుంచి, చాలాచోట్ల పెరుగుదలను తగ్గించే మందులు కూడా వాడి, పొట్టిగా తయారుచేస్తారు. ఇంటికొచ్చాక ఆ ప్రభావం పోతుంది. పూత అయ్యాక కొమ్మలను నేల నుంచి జానెడు కంటే తక్కువ ఎత్తుకు కత్తిరించి, వేసవిలో పలుచని నీడలో కాపాడి, జూన్-జూలైలో పిలకలను వేళ్ళతో సహా విడదీసి నాటండి. నాటిన నెలకు కొన చిగుళ్ళు తుంచాలి, కొత్త కొమ్మలు సాగాక మరోసారి తుంచవచ్చు. సెప్టెంబరు మొదటివారం దాటితే తుంచవద్దు. ఆ తర్వాత తుంచేది చిగురును కాదు, రాబోయే పూలను.

నీళ్ళు పోసినా మొక్క వాడిపోతోంది

మధ్యాహ్నం వాలి సాయంత్రానికి తేరుకుంటే అది ఎండ ప్రభావమే. ఉదయం కూడా వాలి ఉంటే, పైగా మట్టి తడిగా ఉంటే, వేళ్ళు కుళ్ళుతున్నాయన్నమాట. ఇక్కడ మరిన్ని నీళ్ళు పోయడమే అసలు ప్రమాదం. మొక్కను మట్టిగడ్డతో పాటు పైకి తీసి చూడండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరు గోధుమ రంగుకు తిరిగి, చేతివేళ్ళ మధ్య నలిపితే పై పొర జారిపోతుంది. కుళ్ళిన భాగాన్ని కత్తిరించి, ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన కొత్త మిశ్రమంలో నాటి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంద్రనాశిని కలిపి మొక్క మొదలును తడపండి. కుండీ రంధ్రం మూసుకుపోకుండా అడుగున పెంకు ముక్క వేయాలి. కింద పళ్ళెం ఉంటే తీసివేయండి.

ఆకులు, మొగ్గలు

కింది ఆకులపై నల్లమచ్చలు మొదలై పైకి పాకితే అది ఆకుమచ్చ తెగులు. మచ్చ పడ్డ ఆకులను తీసివేసి, నీళ్ళు ఆకులపై పడకుండా మొక్క మొదలు దగ్గరే పోస్తూ, అవసరమైతే లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ అనే శిలీంద్రనాశిని పిచికారి చేయండి. మొగ్గ కాడలపై ముదురు గోధుమ రంగు పురుగులు గుంపుగా ఉండి చీమలు తిరుగుతుంటే అది పేనుబంక. నీటిధారతో కడిగి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లాలి. రేకులపై గోధుమ చారలు కనిపిస్తే పువ్వును తెల్లకాగితంపై దులపండి. సన్నని గీతల్లాంటి పురుగులు కదిలితే అవి తామర పురుగులు. వాటికీ వేపనూనే వాడవచ్చు, కానీ దెబ్బతిన్న పూలను ముందుగా కోసి పారవేయాలి.

కోసిన పూలు, టీ

బుట్టలోని పూలు మర్నాటికి నల్లబడుతున్నాయంటే మంచు ఆరకముందే కోసి కుప్పపోశారన్నమాట. తడి ఆరాక, బాగా విచ్చిన పూలను కోసి పలుచగా పరచండి.

ఇంటి పూలతో కాచిన టీ చేదుగా ఉంటే ఆశ్చర్యం లేదు. మార్కెట్లో చామంతి టీ పేరుతో ఎక్కువగా దొరికేది చామొమైల్ పూలతో చేసినది, అది ఇదే కుటుంబంలోని వేరే మొక్క. చైనాలో చామంతి టీ తాగే అలవాటు ఉన్నా, దానికి హాంగ్‌జౌ తెల్ల చామంతి వంటి ప్రత్యేక రకాలను పెంచుతారు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క పూలను, మందు కొట్టిన పూలను టీకి వాడకూడదు. మాలలు కట్టేటప్పుడు చేతులు దురదపెట్టి ఎర్రబడితే అది చామంతి ఆకు, కాడలలోని పదార్థాలు పడకపోవడం వల్ల కావచ్చు. తొడుగులు వేసుకుని పని చేయాలి, అలాంటి వారు ఈ టీ జోలికి అసలు వెళ్ళకూడదు.