మందలో చూలు నిలవడం లేదా? కారణం రెండు నెలల వెనక వెతకండి

దేవనహళ్లి, దొడ్డబళ్లాపుర, చింతామణి, హోసూరు వైపు గొర్రెల షెడ్లు వేసుకున్న తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొందరు అనంతపురం, చిత్తూరు వైపు నుంచి మందతో సహా వచ్చినవాళ్లు. కొందరు వారమంతా బెంగళూరులో ఆఫీసుకెళ్లి, శని ఆదివారాలు షెడ్డు చూసుకునేవాళ్లు. వాళ్ల నోట తరచుగా వినిపించే మాట ఇది: "పొట్టేలును వదిలి ఆరు నెలలైంది, సగం గొర్రెలు ఈననే లేదు. ఏం మందు వేయాలి?"

మందు సంగతి తర్వాత చూద్దాం. గొర్రె చూలు మోసేది 147 నుంచి 150 రోజులు. అంటే ఇవాళ ఖాళీగా నిలబడ్డ గొర్రె ఐదారు నెలల కిందట జరగనిదాన్ని చూపిస్తోంది. ఆ రోజు పొట్టేలు దగ్గరున్న వీర్యం అంతకు ఇంకో రెండు నెలల ముందు తయారవడం మొదలైంది. కాబట్టి ఏ లక్షణం కనిపించినా ముందు క్యాలెండర్ తీయండి. ఇంజెక్షన్ కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

ముందు జాజు పూయండి

ఆవు ఎదకు వస్తే అరుస్తుంది, తీగలు వేస్తుంది, పక్క ఆవుల మీదికి ఎక్కుతుంది. గొర్రె అలా కాదు. 17 రోజులకోసారి ఎదకు వచ్చి, 24 నుంచి 36 గంటలు ఉండి, మనకు తెలియకుండానే దిగిపోతుంది. తెలిసేది పొట్టేలుకు మాత్రమే. అందుకని గుర్తు పెట్టే పని దానికే అప్పగించాలి.

జాజుపొడిని వేరుశనగ నూనెలో చిక్కగా కలిపి, పొట్టేలు రొమ్ము మీద ముందుకాళ్ల మధ్య అరచేతి మందాన పట్టించండి. ఎక్కిన గొర్రె నడుము మీద ఆ రంగు అంటుకుంటుంది. రెండు రోజులకోసారి మళ్లీ పూయాలి. మొదటి 17 రోజులు పసుపు రంగు, తర్వాతి 17 రోజులు జాజు, ఆ తర్వాత నీలం వాడండి. లేత రంగుతో మొదలుపెడితే కొత్త గుర్తు పాతదాని మీద తేలిగ్గా కనిపిస్తుంది. ఉదయం మేతకు ముందు చెవి ట్యాగు నంబరు, తేదీ పుస్తకంలో రాసుకుంటే చాలు. చివరిసారి రంగు పడ్డాక 45 రోజులకు స్కానింగ్ చేయిస్తే చూలు ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది, ఐదు నెలలు ఆగనక్కర్లేదు.

ఈ పుస్తకం లేకుండా కింద రాసినవేవీ తేల్చలేం. అందుకే దీని గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను.

దాదాపు అన్నిటికీ రంగు పడింది, 17 రోజులకు మళ్లీ పడింది

గొర్రెలు బాగానే ఉన్నాయి, సరిగ్గా ఎదకు వస్తున్నాయి. లోపం పొట్టేలులో ఉంది. ఒక గొర్రె గొడ్డుపోతే ఒక పిల్ల నష్టం. ఒక పొట్టేలు పనికిరాకపోతే ముప్పై గొర్రెల ఈత పోతుంది. అయినా అందరూ గొర్రెలకే మందులు వేయిస్తారు, ఎగబడి ఎక్కుతోంది కదా అని పొట్టేలును అనుమానించరు. ఎక్కడానికీ, వీర్యం బాగుండటానికీ సంబంధం లేదు.

మా ప్రాంతంలో మొదట అనుమానించాల్సింది ఎండను. వృషణాలు ఒంటి వేడి కంటే 4 నుంచి 6 డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగ్గా తయారవుతాయి. వేడి రక్తం తెచ్చే ధమని చుట్టూ చల్లటి రక్తం తీసుకెళ్లే సిరలు మెలికలు తిరిగి అల్లుకుని ఉంటాయి. ఆ అల్లికలోనే రక్తం చల్లబడి వృషణాల్లోకి దిగుతుంది. దాణా ఎక్కువై పొట్టేలు బలిస్తే సరిగ్గా అక్కడే, సంచి మెడ దగ్గర, కొవ్వు పేరుకుని వేడిని బయటకు పోనివ్వదు. సంతలో అందరూ మెచ్చుకునే బలిసిన పొట్టేలు మందలో పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

బెంగళూరు చల్లటి ఊరే అనుకుంటాం. కానీ ఏప్రిల్ మధ్యాహ్నం తక్కువ ఎత్తులో వేసిన రేకుల షెడ్డులో ఓసారి నిలబడి చూడండి. వీర్యకణం తయారవడానికి సుమారు 49 రోజులు, అది ముదిరి బయటకు రావడానికి ఇంకో పది పన్నెండు రోజులు పడుతుంది. ఏప్రిల్, మే ఎండకు దెబ్బతిన్న సరుకు జూన్‌లో బయటకు వస్తుంది. మనమేమో వానలు పడ్డాయి, పచ్చిగడ్డి వచ్చింది అని సరిగ్గా జూన్‌లోనే పొట్టేలును వదులుతాం. గాలికుంటు, నీలినాలుక లాంటి జబ్బుల్లో వచ్చే గట్టి జ్వరం కూడా ఇదే పని చేస్తుంది. జ్వరం తగ్గింది కదా అని పది రోజులకే వదిలితే లాభం లేదు, రెండు నెలలు లెక్కపెట్టుకోవాలి.

పొట్టేలును వదలడానికి రెండు నెలల ముందే పరీక్ష చేయండి. వెనక నుంచి రెండు చేతులతో వృషణాలను కిందికి జరిపి పట్టుకోండి. రెండూ సమానంగా ఉండాలి, బిగించిన కండరంలా గట్టిగా ఉండి నొక్కితే కొద్దిగా లొంగాలి. మెత్తగా జావలా ఉన్నా, గడ్డలు తగిలినా, ఒకటి చిన్నగా ఉన్నా దాన్ని పక్కన పెట్టండి. కుట్టుపని టేపుతో సంచి లావుగా ఉన్నచోట చుట్టుకొలత తీయండి. ఎదిగిన పెద్దజాతి పొట్టేలుకు 30 సెంటీమీటర్లకు తగ్గకూడదు. మండ్య బన్నూరు లాంటి చిన్నజాతుల్లో కొంత తక్కువ ఉండొచ్చు. అనుమానం తీరకపోతే వీర్యం తీయించి మైక్రోస్కోపు కింద చూపించండి. మంచి వీర్యం ఒక మిల్లీలీటరు దాకా, మీగడ రంగులో చిక్కగా ఉంటుంది, అద్దం మీద సుడులు తిరుగుతూ కనిపిస్తుంది.

రేకుల మీద సున్నం కొట్టి రాగిగడ్డి గానీ కొబ్బరాకులు గానీ పరవండి. పొట్టేళ్లను షెడ్డులో గాలి తగిలే అంచున కట్టండి, ఎండాకాలంలో దాణా తగ్గించండి. 25, 30 గొర్రెలకు ఒక పొట్టేలు ఉండాలి. తొలిసారి వదిలే కుర్ర పొట్టేలుకు అందులో సగం చాలు. గిట్టలు కూడా చూడండి. పలకల నేల మీద గిట్టలు పెరిగి నొప్పి పుడితే ఏ పొట్టేలూ ఎక్కదు.

చాలావాటికి రంగే పడలేదు

ఇక్కడ గొర్రెల వైపు చూడాలి. విదేశీ వీడియోలు చూసి షెడ్డులో లైట్లు మార్చేవాళ్లున్నారు, ఆ ఖర్చు అనవసరం. చలిదేశాల గొర్రెలు పగలు తగ్గుతున్నప్పుడే ఎదకు వస్తాయి. బెంగళూరులో ఏడాదిలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా గంటన్నరే. మన నెల్లూరు, బన్నూరు, డెక్కనీ గొర్రెలు మేత బాగుంటే ఏడాది పొడుగునా ఎదకు రాగలవు. ఇక్కడ వాటిని ఆపేది వెలుతురు కాదు, కడుపు.

చివరి పక్కటెముక వెనక వెన్నుపూస మీద చెయ్యి పెట్టి నొక్కండి. ఎముక కొసలు సూదిగా గుచ్చుకుంటే గొర్రె చిక్కిపోయినట్టు. ఎంత నొక్కినా ఎముక తగలకపోతే బలిసినట్టు. కొసలు గుండ్రంగా తగిలితే సరిగ్గా ఉన్నట్టు, ఐదుకు మూడు మార్కులు. చిక్కిన మందకు నట్టల మందు తాగించి, పొట్టేలును వదలడానికి రెండు మూడు వారాల ముందు నుంచి రోజుకు 200, 300 గ్రాముల మొక్కజొన్న గానీ దాణా గానీ అదనంగా ఇవ్వండి. దీన్నే ఫ్లషింగ్ అంటారు. ఎక్కువ అండాలు విడుదలవుతాయి, కవలలకూ అవకాశం పెరుగుతుంది. ఇప్పటికే బలిసిన గొర్రెలకు మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

ఖనిజ లవణాల దగ్గర ఒక హెచ్చరిక. ఆవుల కోసం చేసిన మిశ్రమం గొర్రెలకు పెట్టకండి. అందులోని కాపర్ గొర్రె కాలేయంలో పేరుకుపోయి, ఒకరోజు హఠాత్తుగా కామెర్లతో, ఎర్రటి మూత్రంతో చంపేస్తుంది. ఏ ప్రాంతం మేతలో ఏ ఖనిజం తక్కువో చూసి అందుకు తగ్గ మిశ్రమాలు తయారుచేసే పని ఆడుగోడిలోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థలో జరిగింది. బెంగళూరులో ఉన్నవాళ్లు అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

ఖర్చు లేని ఉపాయం ఇంకొకటుంది. పొట్టేలును కనీసం నెల రోజులు గొర్రెలకు కనిపించకుండా, వాసన కూడా తగలనంత దూరంలో ఉంచి, ఒక్కసారిగా మందలోకి వదలండి. ఎద ఆగిపోయిన గొర్రెల్లో ఆ వాసనకే హార్మోన్లు కదిలి రెండు మూడు రోజుల్లో అండం విడుదలవుతుంది. అయితే ఆ మొదటిసారి ఎద లక్షణాలు ఉండవు. అసలు ఎద 18వ రోజు, 24వ రోజు దరిదాపుల్లో కనిపిస్తుంది. పది రోజులు చూసి ఏమీ కాలేదని పొట్టేలును తీసేస్తే చేతికి అందిన ఫలితం జారిపోతుంది.

స్పాంజీలు పెట్టించినా చూలు నిలవలేదు

ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పట్టించిన స్పాంజి 12 నుంచి 14 రోజులు గొర్రె యోనిలో ఉండి, తీసిన ఒకటి రెండు రోజుల్లో గొర్రెలన్నీ ఒకేసారి ఎదకు వస్తాయి. తీసేటప్పుడు వాసన వేసే ద్రవం వస్తే కంగారు పడక్కర్లేదు, అది మామూలే. తప్పు ఎక్కువగా లెక్కలో జరుగుతుంది. నలభై గొర్రెలు ఒకే రోజు ఎదకు వస్తే ఒక పొట్టేలు ఏం చేయగలదు? స్పాంజీలు వాడితే ఐదారు గొర్రెలకు ఒక పొట్టేలు కావాలి. లేదంటే మందను విడతలుగా విడదీసి రోజులు మార్చి పెట్టించండి.

ఆవుకు వేసినట్టే గొర్రెకూ ఫ్రోజెన్ స్ట్రా (గడ్డకట్టించిన వీర్యం) వేయించాలని చూస్తే నిరాశే మిగులుతుంది. గొర్రె గర్భాశయ ముఖద్వారంలో మడతలు అడ్డదిడ్డంగా ఉండి గన్ను లోపలికి వెళ్లదు. తాజా వీర్యమైతే ద్వారం దగ్గర వేసినా పని జరుగుతుంది. గడ్డకట్టించినదాన్ని ల్యాప్రోస్కోపీతో, అంటే పొట్టకు చిన్న గాటు పెట్టి గొట్టం దింపి, నేరుగా గర్భాశయంలో వేయాలి.

రంగు మళ్లీ పడింది, కానీ 25, 30 రోజులు దాటాక

ఈ తేదీ చాలా సంగతి చెబుతుంది. పిండం 12, 13 రోజులకు ఇంటర్‌ఫెరాన్ టావ్ అనే ప్రొటీన్ విడుదల చేసి, తానున్నానని తల్లికి తెలియజేస్తుంది. ఆ కబురు అందకపోతే గర్భాశయం ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోన్ వదిలి 17వ రోజుకు మళ్లీ ఎద తెప్పిస్తుంది. కాబట్టి ఆలస్యంగా తిరిగొచ్చిన గొర్రెలో చాలావరకు పిండం కబురంపింది, తర్వాత పోయింది. ఆ రోజుల్లో గట్టి ఎండ, జ్వరం, మేతలో హఠాత్తు మార్పు, లారీ ప్రయాణం ఏమైనా ఉన్నాయా అని పుస్తకంలో చూడండి. దాటించిన తర్వాత నెల రోజులు మందను కదపకుండా, టెన్షన్ పెట్టకుండా ఉంచడమే మందు.

కవలల పొట్టేలు కొన్నాను, ఒక్కో పిల్లే పుడుతోంది

పిల్లల సంఖ్య తల్లి విడుదల చేసే అండాలను బట్టి ఉంటుంది, పొట్టేలును బట్టి కాదు. సుందరబన్ ప్రాంతపు గరోల్ గొర్రెల్లోని, ఎక్కువ అండాలు విడుదల చేయించే ఫెక్-బి జన్యువును మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో డెక్కనీ గొర్రెల్లోకి ఎక్కించి నారి సువర్ణ అనే గొర్రెలను తయారుచేశారు. ఆ పొట్టేలును కొంటే కవలలు ఈనేది దాని కూతుళ్లు. అంటే రెండేళ్లు ఆగాలి. కొనేటప్పుడు డీఎన్ఏ పరీక్ష కాగితం అడగండి. జన్యువు రెండు ప్రతులున్న పొట్టేలైతే కూతుళ్లందరికీ అందుతుంది, ఒక్క ప్రతి ఉంటే సగం మందికే. చివరి ఆరు వారాల్లో కవల చూలు గొర్రెకు దాణా పెంచకపోతే తల్లి నీరసించి పడిపోయే ప్రమాదం ఉంది.

నెలలు నిండకుండానే ఈసుకుపోతున్నాయి

ఒకటి జరిగితే దెబ్బ తగిలిందేమో అనుకోవచ్చు. రెండు మూడు వరుసగా జరిగితే అంటువ్యాధే అనుకుని కదలండి. బ్రూసెల్లా, క్లమీడియా, టాక్సోప్లాస్మా లాంటి సూక్ష్మజీవులు కారణం కావొచ్చు, ఇవి మనుషులకూ అంటుతాయి. పడిపోయిన పిండాన్నీ మాయనూ ఒట్టి చేతులతో తాకకండి. ఇంట్లో గర్భిణులు ఉంటే ఆ షెడ్డు ఛాయలకే రానివ్వకండి. కుక్కలు లాక్కెళ్లకముందే కొంత మాయ, పిండం గ్లోవ్స్‌తో పాలిథిన్ సంచిలో కట్టి ఐసు పెట్టెలో పెట్టండి, మిగిలింది సున్నం వేసి లోతుగా పాతేయండి. ఆ గొర్రెను వేరుగా కట్టండి. నమూనాలను పశువైద్యుడి ద్వారా హెబ్బాళలోని పశు ఆరోగ్య సంస్థ ల్యాబుకు పంపించండి. యలహంకలో పశువ్యాధుల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ నివేదిలో కూడా బ్రూసెల్లా మీద పని జరుగుతోంది. ఫలితం రాకముందే మందంతటికీ యాంటీబయాటిక్ వేస్తే ల్యాబులో సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు.

బ్రూసెల్లా తేలిన గొర్రెను మందలో ఉంచకూడదు, ఇంకొకరికి పెంపకానికి అమ్మనూ కూడదు. పాలు మరిగించకుండా తాగకండి. షెడ్డులో పనిచేసేవాళ్లకు వారాల తరబడి సాయంత్రం జ్వరం, కీళ్ల నొప్పులు ఉంటే, డాక్టరుకు గొర్రెల సంగతి ముందే చెప్పమనండి. అది చెప్పకపోతే బ్రూసెల్లా పరీక్ష రాయాలని డాక్టరుకు తట్టదు.