పికప్ అప్పుడప్పుడూ ఇంజిన్ ఆయిల్ తాగుతోందా? వారంటీ ఉండగానే తేల్చుకోవడం ఎలా?

మా తమ్ముడి డీజిల్ పికప్ టెంట్ హౌస్ సామాను మోస్తుంది. ఒక నెల చుక్క ఆయిల్ తగ్గదు, మరో నెల అర లీటరు మాయం. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లిన రోజు మాత్రం బుద్ధిగా ఉంటుంది. "స్మోక్ ఏం లేదన్నా, బండి మంచిగనే ఉంది" అని రెండుసార్లు పంపించేశారు. మూడోసారి లెక్కలు రాసిన నోట్‌బుక్ పట్టుకెళ్లాం. అప్పుడు జాబ్ కార్డు (ఫిర్యాదు, చేయాల్సిన పని రాసే కాగితం) రాశారు.

ముందు లీకేజీ లేదని తేల్చుకోండి. రాత్రి ఇంజిన్ కింద అట్టముక్క పరిచి పొద్దున చూడండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ ట్యాంకు మూత తీసి, నూనె తెట్టు కట్టిందేమో చూడండి. రెండూ లేకపోతే కాలిపోతోందనే అనుమానం బలపడుతుంది.

తర్వాత కొలత. అసలు పని ఇదే. జూబ్లీహిల్స్ వాలు రోడ్డు మీద డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) తీస్తే ఒకరోజు నిండుగా, ఒకరోజు తక్కువగా కనిపిస్తుంది. ఎప్పుడూ చూసే పెట్రోల్ బంకులో, చదునైన ఒకే చోట చూడండి. ఇంజిన్ ఆపాక ఎంతసేపు ఆగాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది. తుడిచి, మళ్లీ ముంచి, డిప్‌స్టిక్‌కీ ఓడోమీటర్‌కీ ఫొటో తీయండి. తేదీ, కిలోమీటర్లు, ఎంత లోడు, ఏ రూటు, ఎన్ని మిల్లీలీటర్లు పోశారు అన్నీ రాయండి. మ్యాక్స్ గీత దాటించొద్దు. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ (ఇంజిన్ ఆవిర్లు బయటికి పోయే గొట్టం) గుండా ఇంజిన్‌లోకే పోయి కాలుతుంది. అప్పుడు జబ్బు మనమే తెచ్చిపెట్టినట్టు.

రూటు ఎందుకంటే, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ బండ్లలో చాలావాటికి డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అందులో మసి కాల్చడానికి అదనంగా కొట్టే డీజిల్ కొంత ఆయిల్‌లో కలుస్తుంది. బేగంబజార్, కూకట్‌పల్లి మధ్య ట్రాఫిక్‌లో తిరిగినన్నాళ్లూ ఆయిల్ తగ్గుతున్నా లెవెల్ అలాగే ఉండొచ్చు, పెరగనూ వచ్చు. విజయవాడ హైవే ఎక్కి ఇంజిన్ బాగా వేడెక్కితే ఆ డీజిల్ ఆవిరైపోయి అసలు లోటు బయటపడుతుంది. మా బండి "ఒక నెల తాగడం, ఒక నెల మానడం" చాలావరకు ఇదే.

పొగ సంగతి. వెనక బైకు మీద ఒకర్ని రమ్మని ఫోన్‌లో వీడియో తీయించండి. నీలం పొగే ఆయిల్ గుర్తు. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పెడు వచ్చి ఆగితే వాల్వ్ సీల్స్ (వాల్వుల దగ్గర ఆయిల్‌ను ఆపే రబ్బర్లు) మీద అనుమానం. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడైతే పిస్టన్ రింగులు గానీ, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే భాగం) గానీ. శ్రీశైలం ఘాట్‌లో గేరు మీద దిగి, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వస్తే వాల్వ్ గైడ్లు, రింగులు. డీపీఎఫ్ ఉంటే పొగ కనబడకపోవచ్చు. అందుకే "స్మోక్ లేదు" అన్న మాటకు విలువ ఇవ్వొద్దు.

ఇక సర్వీస్ సెంటర్. "ఇన్ని కిలోమీటర్లకు ఇన్ని మిల్లీలీటర్లు తగ్గింది" అని జాబ్ కార్డులో మీ మాటల్లోనే రాయించి కాపీ తీసుకోండి. ఆయిల్ కన్సంప్షన్ టెస్ట్ అడగండి. లెవెల్ నింపి, డ్రెయిన్ బోల్టుకూ ఆయిల్ పోసే మూతకూ గుర్తు వేసి, కొంత దూరం తిప్పాక మళ్లీ కొలుస్తారు. కొంత ఆయిల్ తగ్గడం మామూలే అని కంపెనీ అంటుంది, ఆ పరిమితి ఎంతో కాగితం మీద చూపించమనండి. దాటితే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి చూడడం), టర్బో పైపుల తనిఖీ మీ ఎదుటే చేయమనండి. పైపులో పల్చటి నూనె తడి మామూలే, మడుగు కట్టడం మామూలు కాదు.

బయటి మెకానిక్ చేత ఇంజిన్ విప్పించొద్దు. రాణిగంజ్‌లో ఎవరో చెప్పారని చిక్కటి ఆయిలో, అడిటివో పోయొద్దు. క్లెయిమ్ తిప్పికొట్టడానికి వాళ్లకు అదొక్కటి చాలు.

వారంటీ ముగిసేలోపే కంపెనీకి మెయిల్ పెట్టండి. జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వ్యాపారానికి కొన్న బండి అయితే కన్స్యూమర్ కమిషన్‌లో ఫిర్యాదు మామూలుగా చెల్లదు గానీ, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నామని చూపిస్తే చెల్లుతుంది. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు.

ఈలోగా మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ ఆయిల్ ఒక లీటరు డబ్బా, దాని బిల్లు బండిలో ఉంచుకోండి. ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదైనా సరే, జాగ్రత్తగా పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి.