చిన్నపిల్లల మాట బడిలో చెల్లాలంటే: ప్రాథమిక పాఠశాలలో విద్యార్థి మండలి నడపడం ఎలా?

క్లాస్ లీడర్ అనగానే చాలా బడుల్లో జరిగేది ఒక్కటే. బాగా చదివే పిల్లనో పిల్లవాడినో ఎంచి, బ్యాడ్జి పెట్టి, టీచరు లేనప్పుడు అల్లరి చేసిన వారి పేర్లు బోర్డు మీద రాయమంటారు. ఆ బిడ్డకు దక్కింది నాయకత్వం కాదు, కాపలా పని. తోటివారితో తగవు కూడా.

1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఈ విషయమే మాట్లాడుతుంది. తమకు సంబంధించిన సంగతుల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉంది. వయసును, పరిణతిని బట్టి ఆ అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలి. మొదటి సగం మనకు బాగానే గుర్తుంటుంది. రెండో సగం దగ్గరే బడులు జారిపోతాయి. అందుకే విద్యార్థి మండలి, అంటే తరగతుల ప్రతినిధులు కూర్చుని బడి సంగతులు మాట్లాడుకునే బృందం, పెట్టేటప్పుడు ఈ వరుసలో వెళ్లండి.

1. ముందు పెద్దలు కూర్చుని హద్దులు తేల్చుకోండి

ఒక కాగితం మీద మూడు వరుసలు రాయండి. పిల్లలకే వదిలేసేవి: ఆటస్థలంలో వంతులు, తరగతి గోడల మీది బొమ్మలు, కొనాల్సిన కథల పుస్తకాలు. కలిసి తేల్చుకునేవి: తరగతి నియమాలు, హోంవర్కు. పెద్దల చేతిలోనే ఉండేవి: భద్రత, ఉపాధ్యాయుల వ్యవహారాలు. ఈ కాగితాన్ని మొదటి రోజే పిల్లలకు చదివి వినిపించండి. ముందే చెప్పిన హద్దును పిల్లలు అర్థం చేసుకుంటారు. ఆశపెట్టి వెనక్కి తీసుకుంటే మాత్రం మరిచిపోరు.

2. వారానికి ఒకసారి గుండ్రంగా కూర్చోండి

మండలికి పునాది తరగతి గదిలోనే పడుతుంది. వారంలో ఒకే రోజు, ఒకే వేళ, 20 నిమిషాలు చాలు. టీచరు కూడా నేల మీదే కూర్చోవాలి. ఒక బంతినో చెక్క బొమ్మనో చేతులు మార్చండి. అది ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడతారు. మాట్లాడటం ఇష్టం లేకపోతే పక్కవారికి అందించవచ్చు.

అడిగే తీరు మీదే అంతా ఆధారపడి ఉంటుంది. "బడి ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనే వస్తుంది. "నీకు నచ్చని చోటు ఎక్కడుందో తీసుకెళ్లి చూపించు" అనండి. ఒకటో తరగతి పాప ఒకతె ఈ ప్రశ్నకు నా చేయి పట్టుకుని కుళాయి దగ్గరికి నడిపించింది. మునివేళ్ల మీద నిలబడితే ఆమె వేళ్లు కుళాయి పిడి అంచుకు మాత్రమే అందాయి. నీళ్లు నోటికి రాలేదు, మోచేతి మీదుగా గౌను చేతిలోకి కారాయి. అన్నాళ్లూ ఆ పాపకు దాహం తక్కువని అనుకున్నాం. ఒక చెక్క మెట్టు వేయించడంతో సమస్య తీరింది. అది పెద్దల కళ్లకు ఎన్నడూ కనబడనిది.

రాయడం రాని పిల్లలు బొమ్మ గీసి చెబుతారు. ఓటు వేయాల్సి వస్తే రెండు గిన్నెలు పెట్టి తలా ఒక గింజ ఇవ్వండి. ఏ గిన్నె నిండిందో ఐదేళ్ల బిడ్డకైనా తెలుస్తుంది.

3. ప్రతినిధులను చీటీ తీసి ఎంచండి

తరగతికి ఇద్దరు, ఒకటో తరగతితో సహా. ఈ వయసులో ఎన్నిక పెడితే గలగలా మాట్లాడేవారు, స్నేహితులు ఎక్కువున్నవారు గెలుస్తారు. బిడియస్తులకు వంతే రాదు. చీటీ తీసి, కొన్ని నెలలకోసారి మార్చడమే మేలని నా అభిప్రాయం. ప్రతినిధి పని తన సొంత కోరిక చెప్పడం కాదు. తరగతి మాటను మోసుకెళ్లాలి, జవాబును తిరిగి తేవాలి. సమావేశంలో ముందు చిన్న తరగతుల వారు మాట్లాడాలి. పెద్దవారు మొదలుపెడితే చిన్నవారు వారి మాటే తిరిగి చెబుతారు.

4. ప్రతి మాటకూ జవాబు ఇవ్వండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. పిల్లల గొంతు వినడానికి నాలుగు కావాలని పరిశోధకురాలు లారా లండీ 2007లో వివరించారు: మాట్లాడే చోటు, చెప్పే వీలు, వినే మనిషి, ఆ మాట వల్ల కలిగే ప్రభావం. వినే మనిషి అంటే నిర్ణయం తీసుకోగల మనిషి. కాబట్టి ప్రధానోపాధ్యాయులు సమావేశానికి స్వయంగా రావాలి.

ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీయించండి: ఏమి అడిగాం, ఏమన్నారు, ఎందుకు. "సరే", "కుదరదు, కారణం ఇది", "ఫలానా తేదీ దాకా ఆగండి" అనే మూడింటిలో ఏదో ఒకటి వారం తిరిగేలోగా అందులో పడాలి. కారణం చెప్పి కాదంటే పిల్లలు ఒప్పుకుంటారు, ఇంకా మంచి ప్రతిపాదనతో వస్తారు. మౌనం మాత్రం వారి నోరు మూయిస్తుంది.

5. కొంచెం డబ్బు వారి చేతికివ్వండి

చిన్న మొత్తమే చాలు. ఏమి కొనాలో వారే తేల్చి, లెక్క తరగతిలో చదవాలి. కొన్న బంతి రెండు రోజులకే పగిలితే మందలించకండి; వచ్చేసారి కొనే ముందు నొక్కి చూస్తారు.

6. జాగ్రత్త పడాల్సినవి

గుండ్రంగా కూర్చున్నప్పుడు ఎవరైనా తమను కొట్టారనో, భయపెట్టారనో చెబితే అందరి ముందూ ప్రశ్నలు వేయకండి. తర్వాత ఏకాంతంగా వినండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. బడిలో పిల్లల రక్షణ బాధ్యత ఉన్నవారికి ఆ రోజే తెలియజేయండి.

పెద్దలు రాసిచ్చిన మాటలను వేదిక మీద పిల్లల చేత చదివించడాన్ని మండలి పనిగా లెక్కపెట్టకండి. పిల్లల భాగస్వామ్యాన్ని పరిశోధకుడు రోజర్ హార్ట్ 1992లో ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపారు. అలంకారానికి, నామమాత్రానికి పిల్లలను నిలబెట్టడం అందులో అడుగు మెట్లలోకే వస్తుంది. దాన్ని ఆయన భాగస్వామ్యంగానే లెక్కించలేదు.

7. అప్పగింత

ప్రతినిధులు మారే రోజున పాత జంట, కొత్త జంట పక్కపక్కన కూర్చుని నోటుపుస్తకం తిరగేయాలి. జవాబు రాని ప్రశ్నల చుట్టూ పాతవారు ఎర్ర పెన్సిలుతో సున్నా చుడతారు. కొత్తవారి మొదటి సమావేశం ఆ సున్నాలతోనే మొదలవ్వాలి.