కార్డు ఫ్రాడ్‌లో అమ్మినవాళ్లే మునిగితే ఎవరికి, ఎలా చెప్పాలి?

సరుకు పంపేశాం, డబ్బులు అకౌంట్లో పడ్డాయి, నెలన్నర పోయాక పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్‌లో మన తరఫున కార్డు డబ్బులు వసూలు చేసే కంపెనీ నుంచి చార్జ్‌బ్యాక్ అని మెయిల్. కార్డు ఓనరేమో నేను అసలు కొనలేదంటాడు, వాళ్ల బ్యాంకు అతనికి డబ్బు తిరిగిచ్చేస్తుంది, అది మన దగ్గర కట్ అవుతుంది, పైన చార్జ్‌బ్యాక్ ఫీజొకటి. సరుకూ పాయె, డబ్బూ పాయె.

కంగారుపడి ఎవరికో ఫోన్ చేసేముందు ఆ పేమెంట్ ఎలా జరిగిందో తీసి చూడండి, నష్టం ఎవరి నెత్తిన పడుతుందో తేలేది అక్కడే. ఉత్త కార్డు నంబరు, సీవీవీ (కార్డు వెనకుండే మూడంకెల కోడ్) కొట్టి చేసిన ఆన్‌లైన్ పేమెంటైతే మామూలుగా భారం అమ్మినవాళ్లదే, సీవీవీ కరెక్టుగానే కొట్టారు కదండీ అంటే ఎవరూ వినరు. త్రీడీ సెక్యూర్, అంటే ఓటీపీనో బ్యాంకు యాప్‌లో ఓకే నొక్కడమో పూర్తయి ఉంటే మాత్రం చాలావరకు భారం కార్డు ఇచ్చిన బ్యాంకుకి మారుతుంది. కానీ అది "నేను కొనలేదు" అన్న గొడవకే, "సరుకు అందలేదు" అని పెడితే ఓటీపీ మిమ్మల్ని కాపాడదు, అక్కడ డెలివరీ ప్రూఫే దిక్కు.

పార్సిల్ ఇంకా దారిలో ఉంటే కొరియర్‌కి చెప్పి వెంటనే వెనక్కి తెప్పించండి. అనుమానం వచ్చింది గానీ చార్జ్‌బ్యాక్ ఇంకా పడలేదంటే అదే కార్డుకి రిఫండ్ వేసేయడం మేలు, ఫీజైనా మిగులుతుంది. పడ్డాక మాత్రం రిఫండ్ వేయకండి, డబ్బు రెండుసార్లు పోతుంది. కొన్నవాళ్లు "ఆ కార్డు పనిచేయట్లేదు, వేరే అకౌంట్‌కి వేయండి" అన్నారంటే అదే అసలు మోసం.

రిపోర్ట్ చేయాల్సింది ముందు గేట్‌వేకి, లేదా మీకు మెషీన్ ఇచ్చిన బ్యాంకుకి. మెయిల్‌లో ఉన్న ఆఖరు తేదీ చూసుకోండి, వీసా కార్డుల రూల్స్‌లో ఎన్ని రోజులున్నా మధ్యలో ఉన్న బ్యాంకు, గేట్‌వే తమ రోజులు ఉంచుకుని మనకి తక్కువే ఇస్తారు. ఆర్డర్ నంబరు, టైము, ఐపీ అడ్రస్, ఓటీపీ రికార్డు, డెలివరీ సంతకం, చాట్‌లు అన్నీ ఒకే ఫైల్‌గా పెట్టండి. తనే కొని తనే కాదంటున్న పాత కస్టమరని అనిపిస్తే వీసాలో 2023 ఏప్రిల్ నుంచి ఒక దారుంది: అదే కార్డుతో 120 నుంచి 365 రోజుల కిందట గొడవ లేకుండా జరిగిన రెండు కొనుగోళ్లు చూపించి, ఐపీ గానీ డివైస్ ఐడీ (ఫోను, కంప్యూటర్‌ని గుర్తుపట్టే నంబరు) గానీ, దాంతోపాటు అడ్రస్ లాంటిది ఇంకోటి కలిసిందని నిరూపిస్తే భారం మళ్లీ బ్యాంకుకే పోతుంది. నిజంగా దొంగే కొన్న కేసులో ఇది పనికిరాదు, ఊరికే ఆశపడొద్దు.

తర్వాత సైబర్ క్రైమ్ పోలీసులకి కంప్లైంట్. కార్డు నంబరు మొత్తం రాయకండి, చివరి 4 అంకెలు చాలు, సీవీవీ అయితే అసలు మీ దగ్గర దాచి ఉండకూడదు. పోలీసు కంప్లైంట్ ఇచ్చాం కదా అని గేట్‌వే గడువు ఆగదు, రెండూ వేరు వేరు. కార్డు ఓనర్ మీద మాత్రం ఎగరకండి, చాలాసార్లు అతనూ మోసపోయినవాడే.

ఆ ఆర్డర్ పడిన రోజు లాగ్, అంటే సైట్‌లో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డు, ఒకసారి తెరవండి. రెండు నిమిషాల్లో మూడు కార్డులు ఫెయిలై నాలుగోది పాసయ్యి, ఆ వెంటనే డెలివరీ అడ్రస్ మారి ఉంటే, అదే డివైస్ నుంచి వచ్చిన మిగతా ఆర్డర్లు ప్యాకింగ్‌లో ఉన్నాయేమో ఇప్పుడే ఆపండి.