డిజిటల్ అవతార్ చేత పాఠం చెప్పించడం ఎలా?

తెరపై పెదవులు కదుపుతూ మాట్లాడే బొమ్మను డిజిటల్ అవతార్ అంటున్నాం. ఉపాధ్యాయులే దానిని తయారు చేసి చూపిస్తే పిల్లలు ఒక పూట ఆసక్తిగా చూస్తారు. అది ఏం పలకాలో పిల్లలే నిర్ణయించి, రాసి, గొంతు ఇస్తే పాఠం వారిదవుతుంది. అందుకే ఇక్కడ రెండవ పద్ధతిని వివరిస్తున్నాను. ఉదాహరణకు, ఉన్నత పాఠశాల విద్యార్థులు భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అవతార్‌ను రూపొందిస్తున్నారనుకుందాం.

మొదట ప్రశ్నను ఖరారు చేయండి. "సుబ్బారావు జీవితం" అని ఊరుకుంటే పిల్లలు తేదీలు వరుసగా అప్పజెబుతారు. "ఫోలిక్ ఆమ్లం అనే బి విటమిన్‌పై సుబ్బారావు బృందం చేసిన పరిశోధన రక్త క్యాన్సర్ చికిత్సకు ఎలా దారితీసింది?" అని అడిగితే, కణాలు విభజన చెందడానికి ఆ ఆమ్లం అవసరమనీ, దానిని పోలిన పదార్థంతో ఆ విభజనను అడ్డుకోవచ్చనీ వారే తెలుసుకోవలసి వస్తుంది.

తరువాత మాటలు రాయించండి. అసలు చదువంతా ఈ దశలోనే ఉంది కనుక దీనికే ఎక్కువ సమయం కేటాయించాలి. అవతార్ "నేను" అని మాట్లాడుతుంది కాబట్టి, "నేను అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లాను" వంటి ప్రతి వాక్యం పక్కన అది ఏ పుస్తకంలో దొరికిందో విద్యార్థి రాసి పెట్టుకోవాలి; ఆధారం లేని వాక్యాన్ని నిస్సంకోచంగా కొట్టివేయాలి. నిజంగా జీవించిన మనిషి నోట ఆయన అనని మాటలు పెట్టకూడదన్న నియమం పిల్లలకు చిన్ననాడే అలవడాలని నా దృఢమైన అభిప్రాయం. మరి ఊహకు చోటెక్కడ? ఏమీ తెలియని విద్యార్థిలా ప్రశ్నలు అడిగే రెండవ అవతార్‌ను కల్పించండి. సందేహాలు, ఆశ్చర్యం, తొందరపాటు అన్నీ దాని వంతు. ఈ పాత్రకు అర్థమయ్యేలా చెప్పవలసి రావడం కూడా మేలే. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో రూపొందిన 'బెట్టీస్ బ్రెయిన్' అనే కార్యక్రమంలో విద్యార్థులు కంప్యూటర్ పాత్రకు పాఠం నేర్పుతారు. తమ కోసం చదివేటప్పటి కంటే ఆ పాత్ర కోసం వారు ఎక్కువ శ్రమిస్తున్నట్లు 2009లో వెలువడిన ఒక అధ్యయనం గుర్తించింది.

రూపం ఎంపికను త్వరగా ముగించండి. పిల్లల సొంత ఫొటోలు వాడవద్దు. గీసిన బొమ్మ చాలు. అవతార్‌ను తయారు చేసే యాప్‌లో ఖాతాను ఉపాధ్యాయుల పేరుతోనే తెరవాలి. పిల్లల వివరాలు ఇవ్వక తప్పని చోట తల్లిదండ్రుల సమ్మతి తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారి విషయంలో దానిని తప్పనిసరి చేసింది.

గొంతు విద్యార్థిదే అయితే మంచిది. తరగతి ముందు నిలబడి మాట్లాడడానికి జంకే పిల్లలు అవతార్ చాటున ధైర్యంగా మాట్లాడగలుగుతారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్క ఫోనుతో రికార్డు చేయవచ్చు. నిమిషం, నిమిషంన్నర నిడివి సరిపోతుంది. యంత్రస్వరం వాడక తప్పకపోతే అంకెలను, పొడి అక్షరాలను మాటల్లో రాసి, ఉచ్చారణను ఒకసారి విని సరిచూడండి.

ప్రదర్శన అయ్యాక మిగిలిన పిల్లల చేత ప్రశ్నలు అడిగించండి. వాటికి అవతార్ కాదు, మాటలు రాసిన విద్యార్థులే జవాబివ్వాలి. జవాబు దొరకని ప్రశ్నలను నల్లబల్లపై రాసి, వారం గడువిచ్చి, సవరించిన మాటలతో మళ్లీ రికార్డు చేయించండి. మార్కులు వేసేటప్పుడు బొమ్మ అందాన్ని కాక, మొదటి రికార్డింగుకూ రెండవ దానికీ మధ్య వివరణ ఎంత స్పష్టమైందో చూడండి.