గోడ చెమ్మ పనికి దిగే ముందు

మొదట అది నేల నుంచి ఎక్కుతున్న చెమ్మేనా అని తేల్చుకోండి. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. నేల చెమ్మ మామూలుగా మీటరు ఎత్తు దాకా వస్తుంది, పై అంచున తెల్లటి ఉప్పు చార కడుతుంది. మచ్చ సీలింగ్ దగ్గరుంటే పైపునో, పైకప్పునో అనుమానించాలి.

– ఇంకా సందేహమా? గోడకు పాలిథిన్ షీటు నాలుగువైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. బొట్లు గది వైపు పడితే తేమ గాలిలోది. దానికి మందు కిటికీలు తెరవడమే.

– బయటి మట్టి, గోడలోని తేమ నిరోధక పొరకు (నేల చెమ్మ పైకి ఎక్కకుండా గోడ అడుగున వేసే పొర) కనీసం 15 సెంటీమీటర్లు కిందుండాలి. మొక్కల పాదులు దాన్ని ఎప్పుడో కప్పేసి ఉంటాయి. ముందు ఆ మట్టి తీసేయండి. ఒక్కోసారి అంతటితోనే సరిపోతుంది, గోడకు రంధ్రాలు చేసి చెమ్మను ఆపే రసాయనం ఎక్కించే పనే ఉండదు.

– తడి గోడలో స్విచ్ బోర్డుంటే మెయిన్ ఆపాకే సుత్తి పట్టాలి.

– పాత ప్లాస్టర్ కొట్టి తీసేటప్పుడు ఎన్95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు చేటు.

– రంగుకు తొందరపడొద్దు. గోడ 25 మిల్లీమీటర్ల మందం మేర ఆరడానికి సుమారు నెల పడుతుంది. 9 అంగుళాల గోడకు ఎన్ని నెలలో మీరే లెక్కేసుకోండి. ఈలోగా వాటర్‌ప్రూఫ్ పెయింటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి ఇంకా పైకి పాకుతుంది.