బ్రేకు పనికి కారు ఇచ్చే ముందు జాగ్రత్తలు

- బాధ ఏమిటో ముందే కాగితం మీద రాసుకోండి. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉందా? బ్రేకు ఫ్లూయిడ్ (బ్రేకు ఆయిల్) పారే లైనులో గాలి చేరి ఉండొచ్చు. బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందా? చక్రంతో పాటు తిరిగే డిస్కు చూడాలి. ఊరికే "బ్రేకులు పడట్లేదు" అన్నారంటే బిల్లు పెరగడం ఖాయం.

- తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతుంటే ఫ్లూయిడ్ లీకేజీ గానీ, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను నెట్టే భాగం) పాడవడం గానీ అయి ఉంటుంది. షెడ్డు పక్క వీధిలోనే ఉన్నా నడపొద్దు, టోయింగ్ బండిని పిలవండి.

- ఫ్లూయిడ్ తగ్గిందని పోసేసి పంపిస్తే ఒప్పుకోకండి. ప్యాడ్లు (డిస్కును నొక్కి పట్టేవి) అరిగినా మట్టం తగ్గుతుంది, కారినా తగ్గుతుంది. ఏదో తేల్చమనండి. కారులోని ఫ్లూయిడ్ డబ్బా మూత మీద దాని రకం డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, అదే పోయించండి.

- పాత సామాను తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి. నేనోసారి మొహమాటపడి అడగలేదు. బిల్లులో కొత్త ప్యాడ్లు, చక్రం విప్పితే పాతవే!

- "డిస్కులూ పోయాయి" అంటే కొలిచి చూపించమనండి. కనీస మందం ఎంతో చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది. ప్యాడ్లయితే 3 మి.మీ. దగ్గరకు వస్తే మార్చేయొచ్చు.

- కారు తీసుకున్నాక కదిలించే ముందు, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి.